ముక్కరకు వగచిన అక్క
(నిగమశర్మోపాఖ్యానమున వృద్ధపోషణము, గృహరక్షణము)

తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమున తృతీయాశ్వాసములోని నిగమశర్మోపాఖ్యానము తెలుగు పాఠకలోకమునకు చిరపరిచితము. ఆ కావ్యము నాద్యంతము చదువనివారు సయితము ఈ కథను చదివియుందురు. ఇందు కథానాయకునికంటె, అతని మోక్షమునకంటె, పేరైనను లేని అతని అక్క పండితుల మనస్సుల నెక్కువగా నాకర్షించినది. ఆ పాత్రను విమర్శలోకమున శాశ్వతముగా ప్రతిష్ఠించినవారు కీ. శే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. వారి వ్యాసము వెలువడిన పిమ్మట నిగమశర్మ అక్క యనగానే సజీవపాత్రచిత్రణము, స్త్రీస్వభావపరిజ్ఞానము, సహజసంభాషణము అను మాటలు మన నోట అప్రయత్నముగా వెలువడుచున్నవి. ఆ మాటలన్నియు యథార్థములే. కాని అవి ఒక ప్రశ్నను కప్పిపుచ్చుచున్నవని నా కనేకసంవత్సరములుగా తోచుచున్నది. ఆమె వచ్చినది దేనిని కాపాడుటకు? ఆ యిల్లెవరిది?

ఈ ప్రశ్న నాది కాదు. స్నాతకోత్తర తరగతిలో ఈ ఘట్టమును బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, "అయ్యా, ఆ తండ్రి కొడుకును ఇంటిలోనుండి వెడలగొట్టలేదేమి? ఆస్తిని తన పేర నుంచుకొనలేదేమి?" అని యడిగినది. పుత్రవాత్సల్యమని చెప్పి తప్పించుకొంటిని. ఆ సమాధానము ఆమెకు తృప్తి నీయలేదు, నాకును ఈయలేదు. ఆ అతృప్తియే ఈ వ్యాసమునకు మూలము.

కథను క్లుప్తముగా స్మరింతము. పీఠికాపురమున సభాపతి యను సద్బ్రాహ్మణుడు కలడు. ఆయన కుమారుడు నిగమశర్మ చదువుకొన్నవాడు, రూపవంతుడు, వివాహితుడు. ఆ చదువును రూపమును విటత్వమున కొప్పగించి, వేశ్యావాటికలలోను జూదపుటిండ్లలోను తిరిగి, తాతతండ్రుల నాటి సొత్తును కరగించివైచెను. తల్లిదండ్రులు వృద్ధులు. భార్య పరిత్యక్తప్రాయ. ఈ దురవస్థ విని అక్క భర్తతోను బిడ్డలతోను పుట్టింటికి వచ్చును. తమ్ముని చేరదీసి, కడుపునిండ పెట్టి, మెల్లమెల్లగా మందలించును. అతడు కొంతకాలము మారినట్లే కనబడి ఇంటిపట్టున నుండును. ఒక రాత్రి ఇంటిల్లిపాది నిద్రించుచుండగా నగలన్నియు మూటగట్టుకొని పరారియగును. తెల్లవారిన పిదప ఇంటివారొక్కొక్కరు ఒక్కొక్క వస్తువును తలచుకొని యేడ్తురు. అక్క తన ముక్కరకు వగచును.

తరువాతి కథ దారిదోపిడిగాండ్ర చేతిలో దెబ్బలుతినుట, ఒక కాపు దయతలచి ఇంట నుంచుకొని స్వస్థుని జేయుట, ఆ మేలు మఱచి ఆ కాపు ఇల్లాలితోనే లేచిపోవుట, అడవిలో మఱియొక కాపురము పెట్టుట, ఆ గుడిసెయు నగ్నిపాలగుట, తుదకు నృసింహక్షేత్రమున ప్రాణము విడిచి క్షేత్రమహిమచే సద్గతి నందుట. ఈ కథ పొడవునను నిగమశర్మ చేరిన ప్రతి యిల్లును కూలినదని పాఠకులు గమనింపగలరు. ఇండ్లు కూలుట యను ఈ సూత్రమును పట్టుకొని చదివినచో ఉపాఖ్యానము వేఱొక రూపమున గోచరించును.

ముందుగా ఇట్టి కథలు మనకెన్ని కలవో చూడవలెను. భ్రష్టుడైన బ్రాహ్మణకుమారుడు తుదకు దైవానుగ్రహమున తరించుట పురాణములకు ప్రియమైన కథాసరణి. భాగవత షష్ఠస్కంధమున అజామిళుడు కలడు. తెలుగున ఆ స్కంధమును రచించినవాడు ఏర్చూరి సింగన. అజామిళుడును తండ్రి సొత్తును పరస్త్రీపాలు చేసినవాడే; కులసతిని, తల్లిదండ్రులను విడిచినవాడే. కాని అక్కడ ఇల్లు తన పక్షమున నొక మాటయు మాటలాడదు. శ్రీనాథుని కాశీఖండమున గుణనిధి కలడు. అక్కడ ఇల్లు మాటలాడును గాని అబద్ధమాడును. తల్లి కొడుకును వెనుకవేసికొనివచ్చి, భర్త అడిగినపుడెల్ల ఏదో యొకటి చెప్పి కప్పిపుచ్చును. తన యుంగరమును వీథిలో నొక జూదరి వ్రేలికి చూచువఱకు యజ్ఞదత్తునకు తన ఇంటి సంగతి తెలియదు. శ్రీనాథుని ఆ ఘట్టము నాటకీయతలో అపూర్వమైనది. ఉంగరమొక్కటి ఒక సంసారమునంతయు బయటపెట్టినది. తెనాలి కవి ఈ రెండు కథలను ఎఱుగడనుకొనుట కష్టము. నిగమశర్మ యింట దొంగిలింపబడిన నగల వెనుక గుణనిధి దొంగిలించిన యుంగరపు నీడ కలదు.

అయితే అజామిళుని యింటను గుణనిధి యింటను లేని వ్యక్తి యొకతె నిగమశర్మ యింటికి వచ్చినది. ఆమె తల్లివలె దాచదు, తండ్రివలె తెలియక యుండదు, భార్యవలె మౌనము వహింపదు. సంసారపు లెక్క బయటి నుండి చూచి బిగ్గరగా చెప్పగలిగిన స్థానమున నున్నది. కవికల్పన యనదగినది ఇదియే. పురాణకథకు అక్క అక్కరలేదు. క్షేత్రమహిమ నిరూపించుటకు ఆమె యుపయోగము లేశమును లేదు. ఆమె లేకున్నను నిగమశర్మ నృసింహక్షేత్రమునకు చేరగలడు. కథాప్రయోజనమునకు వెలుపల నిలిచి, ఇంటి ప్రయోజనము కొఱకే సృష్టింపబడిన పాత్ర యామె.

ఇక ఇల్లెవరిదను ప్రశ్న. ఆంధ్రదేశమున ఆస్తివ్యవహారములను శాసించినది యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర. కల్యాణి చాళుక్యచక్రవర్తి విక్రమాదిత్యుని కాలమునాటి ఆ వ్యాఖ్య పదుమూడవ శతాబ్దికే కేతన చేతిలో తెలుగు పద్యములైనది. దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన కేతనయే విజ్ఞానేశ్వరీయమును తెలిగించుట గమనింపదగినది. సంస్కృతము రానివాడు కూడ ధర్మాసనమున తన హక్కేమో తెలిసికొనవలెనను కోరిక ఆ నాటికే కలదన్నమాట. రామకృష్ణకవి కాలమునాటి గృహస్థునకు, కవికి, ఈ న్యాయము ఊపిరివలె సహజము.

మితాక్షర ప్రకారము పితృపితామహార్జితమైన సొత్తులో కొడుకునకు పుట్టుకతోనే స్వామ్యము కలుగును. తండ్రి జీవించియుండుట దానికి ప్రతిబంధకము కాదు. వంగదేశమున జీమూతవాహనుని దాయభాగము దీనికి విరుద్ధముగా, తండ్రి స్వామ్యము తొలగిన పిమ్మటనే కొడుకు స్వామ్యము మొలకెత్తునని చెప్పినది. సభాపతి వంగదేశీయుడై యున్నచో మా విద్యార్థిని ప్రశ్నకు వేఱు సమాధానముండెడిది. పిఠాపురమున పుట్టినందువలన, నిగమశర్మ దొంగయు కాడు, యాచకుడును కాడు. ఉయ్యాలలో నున్న నాటినుండి భాగస్వామి. తండ్రి అతనిని మందలింపవచ్చును, పెట్టుపోతలు మానవచ్చును. పైతృకమైన భూమిలో అతని భాగమును మాత్రము నోటి మాటతో తుడిచివేయలేడు.

శాస్త్రమున తండ్రికి రక్షణలేమియు లేవని కాదు. కొడుకు చేసిన ఋణము కుటుంబార్థము కానిచో తండ్రి తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు స్పష్టముగా చెప్పినాడు. జూదమునకును కామమునకును చేసిన అప్పు కుటుంబార్థమని ఎవరును వాదింపలేరు. తండ్రి విభాగము చేసి కొడుకును వేఱుపెట్టవచ్చును. అవిభక్తమైన సొత్తును ఒకడు తక్కినవారి సమ్మతి లేక అన్యాక్రాంతము చేయరాదని మూలగ్రంథమత మున్నది. (మన కాలమునకు దగ్గరగా వచ్చిన పిమ్మట, వెలపుచ్చుకొని తన అవిభక్తభాగమును అమ్ముకొనవచ్చునని మదరాసు న్యాయస్థానములు అంగీకరించినవి. శాస్త్రము మూసిన తలుపును ఆ విధముగా తెఱచిరి. తెఱచినవారు విటుల నుద్దేశింపలేదు, అప్పులవారి నుద్దేశించిరి.) ఇన్ని యుపాయములుండగా సభాపతి ఏదియు చేయలేదు. ఎందుచేత?

ఇచ్చట పుత్రవాత్సల్యమను మాట మరల రానున్నది. దానిని కొంత నిలిపి లెక్క చూతము. కొడుకొక్కడు. విభాగము చేసినచో సొత్తు రెండు ముక్కలగును. ఒక ముక్క ఏడాదిలో వేశ్యమాతల చేతికి పోవుట నిశ్చయము. రెండవ ముక్కతో ముసలివారిద్దరును కోడలును బ్రదుకవలెను. అది సాధ్యమే యనుకొందము. కాని విభక్తుడైన పిమ్మట ముసలితనమున చేయిపట్టి నడిపించువా డెవడు? మంచము పట్టినపుడు నీళ్ళిచ్చువా డెవడు? కొఱవి పట్టువా డెవడు? సొత్తును కాపాడుకొన్నచో కొడుకు పోవును. కొడుకును కాపాడుకొన్నచో సొత్తు పోవును. సొత్తు పోయిన యింట కొడుకున్నను పోషణ ముండదు. ఆ గృహస్థుని మౌనము వాత్సల్యము వలననే పుట్టినది కాదు. ఏ వైపు నడిచినను తన ముసలితనమునే త్రొక్కవలసిన చిక్కులో నుండి పుట్టినది. కవి ఆయనచేత ఒక దీర్ఘోపన్యాసము చేయింపకపోవుట లోపమని కొందఱందురు. నాకది లోపముగా తోచదు. చెప్పుటకు ఆయన యొద్ద ఏమున్నది?

అప్పుడు అక్క వచ్చినది.

ఆమె స్థితి యేమి? ఆ కాలపు న్యాయములో వివాహితయైన కూతురికి పైతృకమున భాగము లేదు. తమ్ముడు చక్కబడినను, చెడినను, ఆమెకు ఒక సెంటు భూమి రాదు, పోదు. తల్లిదండ్రులను పోషించు భారమును శాస్త్రము ఆమెపై ఉంచలేదు. ఆ యింటితో ఆస్తిసంబంధము లేనిది ఆమె యొక్కతెయే. భర్తను బిడ్డలను వెంటబెట్టుకొని, అత్తవారింటి పనులు విడిచి, ఆ యింటిని నిలుపుటకు వచ్చినదియు ఆమె యొక్కతెయే. హక్కున్నవాడు పడగొట్టుచున్నాడు, బాధ్యత యున్నవాడు కూర్చున్నాడు, ఏదియు లేనిది లేచి వచ్చినది. రామకృష్ణకవి వికటత్వమును గూర్చి మనకు చాటువులు పెక్కు గలవు. అందు దేనియందును ఇంతటి వికటవ్యంగ్యము లేదు.

ఆమె యుపదేశమున నీతిశాస్త్రము స్వల్పము. పరలోకభయమునకంటె వృద్ధులైన తల్లిదండ్రుల బ్రదుకు, ఇల్లాలి గతి, వంశగౌరవము ముందునకు వచ్చును. అన్నము పెట్టుచు మాటలాడుట యను పద్ధతి గృహిణీస్వభావచిత్రణమని విమర్శకులు మెచ్చుకొనిరి. నేనింకొకటి చేర్చుదును. ఆ అన్నము ఆ యింటి అన్నము. ఏది నిలిచియుండవలెనని ఆమె వాదించుచున్నదో దానినే అతని విస్తరిలో వడ్డించుచున్నది. ఈ మాట వ్యాఖ్యాత కల్పన యని ఎవరైన ననినచో వాదింపను. పద్యములు చదివి ఎవరికి వారు నిర్ణయించుకొందురుగాక.

ఇక ముక్కర. ఈ పద్యము వచ్చినపుడు తరగతి నవ్వును. నేనును చాలకాలము నవ్వితిని. తమ్ముడు పోయినాడు, వంశము మునిగినది, ఈమె ముక్కుపుడకకు ఏడ్చుచున్నది! ఇంతటి ఉదాత్తపాత్రను చిత్రించి తుదకు ఇంత అల్పురాలిని చేసెనేమి యని ఒక యాక్షేపము. మానవస్వభావ మింతియే, అందుకే కవి గొప్పవాడని దానికి సమాధానము. ఈ రెండు మతములును ముక్కర అల్పవస్తువని అంగీకరించుచున్నవి.

స్మృతికారుల దృష్టిలో అది అల్పవస్తువు కాదు. స్త్రీధనప్రకరణమున తల్లిదండ్రులు, అన్నదమ్ములు, భర్త ఇచ్చినది స్త్రీకి స్వంతమని కలదు. విజ్ఞానేశ్వరుడు ఆ పదమును మఱింత విశాలముగా వ్యాఖ్యానించి, స్త్రీకి ఏ మార్గమున లభించిన ధనమైనను స్త్రీధనమే యనినాడు. పీఠికాపురపు ఆ యింటిలో భూమి తండ్రిది, కొడుకుది. ధాన్యము వారిది. గోడలు, దూలములు వారివి. ఆడువారికి తమదని చెప్పుకొన దగినది మెడలోను, చేతులకును, ముక్కునకును ఉన్న బంగారమే. నిగమశర్మ అంతవఱకు కరగించిన సొత్తులో తనకు జన్మసిద్ధమైన భాగమున్నది. కావున శాస్త్రదృష్టిలో అది దుర్వ్యయము. ఆ రాత్రి చేసినది అట్టిది కాదు. తనకు ఇసుమంతయు హక్కులేని దానిని అపహరించినాడు. అతడు విటుడు మాత్రమే గాక దొంగయైనది ఆ రాత్రియే. అక్క వగచినది ముక్కరకే కావచ్చును. ఆ వగపు న్యాయశాస్త్రరీత్యా ఆ యింట వినబడిన ఏడ్పులలో మిక్కిలి సమంజసమైనది. తమ్ముని యింటిని నిలుపబోయి తనదైన ఒక్క వస్తువును పోగొట్టుకొన్నది. పుట్టింటి ముసలివారి మేలునకై ఆమె చెల్లించిన మూల్యమది.

కవి హాస్యముగా వ్రాసినాడు గదా యని అడుగవచ్చును. నిశ్చయముగా హాస్యముగానే వ్రాసినాడు. ఆ పద్యముల నడకయే అందులకు సాక్షి. ఆయన స్త్రీధనన్యాయమును స్థాపించుటకు పూనుకొన్నాడని నేననను. కాని హాస్యము ఎక్కడ నుండి పుట్టినదో విచారించినచో, ప్రతివ్యక్తియు తన తన వస్తువును మాత్రమే తలచుకొనుట నుండి పుట్టినది. ఎవరి వస్తువు వారికి వేఱుగా నున్నదన్న స్పృహ లేనిదే ఆ హాస్యము పండదు. ఆ స్పృహ కవికి పూర్తిగా కలదు.

ఇంటి వ్యయమును గూర్చి, ముసలివారి పోషణమును గూర్చి తెలుగుకావ్యములు మాటలాడవని మనలో నొక యపోహ యున్నది. భారతమును చూడుడు. ఆశ్రమవాసపర్వమున తిక్కన కనుపఱచిన ధృతరాష్ట్రుడు యుద్ధానంతరము పదునేనేండ్లు ధర్మరాజు నింట నున్నాడు. గౌరవమునకు లోటు లేదు, భోజనమునకు లోటు లేదు. భీముడు మాత్రము అన్నకు తెలియకుండ సూటిపోటి మాటలు విసరును. ఆ మాటలకు కృశించిన వృద్ధుడు రహస్యముగా ఆహారము తగ్గించుకొని, తుదకు వనమునకు పోవ నిశ్చయించును. పోవుటకు ముందు భీష్మద్రోణాదులకు, తన కొడుకులకు శ్రాద్ధము పెట్టుటకు ధనమడుగును. భీముడు ఈయరాదనును. ధర్మరాజు, అర్జునుడు తమ తమ ధనము నుండి ఇత్తుమని చెప్పుదురు. ఒకనాడు తాను ఏలిన కోశమునుండి తన బిడ్డల తద్దినములకు ఇంకొకరి యనుమతితో ధనము పుచ్చుకొనవలసిన ముసలివాని దైన్యమును వ్యాసుడు, తిక్కన ఎఱిగియుండిరి. ఆ యింట ధనమునకు కొదవ లేదు. ధనము చేతిలో లేకపోవుటయే కొదవ. సభాపతికి ధృతరాష్ట్రునకు పోలిక లేదని మీరనవచ్చును. ఒకడు నిర్దోషి, ఒకడు సర్వానర్థమూలము. పోషణమునకు దోషవిచారణ అడ్డురాదన్నదే ధర్మరాజు పక్షము. వృద్ధులగు తల్లిదండ్రులను, సాధ్వియగు భార్యను, శిశువగు కొడుకును నూఱు అకార్యములు చేసియైనను పోషింపవలెనని మనువుపేర మితాక్షర ఉదాహరించిన వచనమునందును ఈ భావమే కలదు. నిగమశర్మ ఆ వచనమును తలక్రిందులు చేసినవాడు. అకార్యములు నూఱును చేసెను, పోషణ మొక్కటి మానెను.

పండితులు కొందఱు ఇట్టి పఠనమును కావ్యమునకు బాహ్యమని త్రోసిపుచ్చవచ్చును. రసము, ధ్వని, పాత్రౌచిత్యము విడిచి దస్తావేజుల పరిశీలన మేల యని. ఇందులకు నేను చెప్పగలిగిన సమాధానము తరగతిగదిలోనే యున్నది. మా విద్యార్థులు ఈ కథను చదువునపుడు వారి యిండ్లలో ఏ మాటలు నడచుచున్నవో విచారింపుడు. తండ్రి కట్టిన యింటిని సెటిల్‌మెంటు దస్తావేజుమీద కొడుకు పేర వ్రాయవలెనా, విల్లు వ్రాసి యూరకుండవలెనా, జీవితకాలపు అనుభవహక్కును నిలుపుకొనవలెనా, అమ్మ మందుల ఖర్చు ఎవరు భరింపవలెను, కూతురికి భాగమిచ్చినచో కూతురును చూడవలసియుండునా — ఈ మాటలు వినని తెలుగు మధ్యతరగతి యిల్లు అరుదు. ఇవి వినుచు పెరిగిన విద్యార్థిని సభాపతి మౌనమును ప్రశ్నింపక మానదు.

న్యాయమును మారినది. 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టమున వృద్ధులైన తల్లిదండ్రులను పోషించు విధి కొడుకుతోపాటు కూతురికిని చెందినది. ఆ సంవత్సరమే వచ్చిన వారసత్వచట్టము తండ్రి సొత్తులో కూతురికి వారసత్వమిచ్చినను, నివాసగృహము విషయమున ఒక చిత్రమైన నిబంధన పెట్టినది: మగ వారసులు పంచుకొనదలచువఱకు ఆడువారసులు ఇంటి విభాగము కోరరాదు, ఆ యింట నివసించు హక్కు అవివాహితకు, విధవకు, భర్తచే విడువబడినదానికి, భర్తను విడిచి వచ్చినదానికే. భర్తతో బిడ్డలతో చక్కగా కాపురము చేయుచున్న నిగమశర్మ అక్కకు ఆ యింట నిలుచుటకు ఆ చట్టమున చోటు లేదు. ఆ నిబంధన 2005 వఱకు బ్రదికియున్నది. ఆంధ్రప్రదేశమున మాత్రము 1986 నాటి సవరణచట్టము, 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము కాని కూతుండ్రకు పుట్టుకతోనే సమభాగ మిచ్చినది. 2005లో దేశమంతటను కూతురు కొడుకుతో సమానముగా సమాంశభాగిని యైనది. విజ్ఞానేశ్వరుని జన్మస్వామ్యసిద్ధాంతము ఎనిమిది శతాబ్దుల మీదట అక్కకు వర్తించినది.

పోషణవిషయమున 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణసంక్షేమచట్టము ముఖ్యమైనది. రెవెన్యూ డివిజనల్ అధికారి యెదుట అర్జీ పెట్టుకొని మనోవర్తి పొందు మార్గము నిది యేర్పఱచినది. నెలకు పదివేల రూపాయల పరిమితిని ఆ చట్టము పేర్కొన్నది. మన కథకు మిక్కిలి సన్నిహితమైనది దాని 23వ విభాగము: తన్ను చూచుకొనవలెనను షరతుతో వృద్ధుడు ఆస్తి వ్రాసియిచ్చి, పుచ్చుకొన్నవాడు చూడకున్నచో, ఆ బదిలీని మోసముతోనో బలవంతముతోనో జరిగినదానిగా భావించి రద్దుచేయవచ్చును. అట్టి షరతు ఉండితీరవలెనని 2022 డిసెంబరున సుప్రీముకోర్టు చెప్పినది. 2025 జనవరి 2న, తల్లి కొడుకునకు వ్రాసిన దానపత్రము విషయమున, ఈ చట్టమును దాని ప్రయోజనమును బట్టి ఉదారముగా అన్వయింపవలెనని తీర్పుచెప్పి ఇంటిని తల్లి కిప్పించినది. అయినను, సభాపతి వ్రాసియిచ్చినది ఏమియు లేదు. కొడుకు పుట్టుకయే దస్తావేజు. కావున 23వ విభాగము పైతృకమున అతని కక్కరకు రాదు. స్వార్జితమున్నవానికే ఆ కవచము.

ఇంకొక సంగతి. ముసలివారు ఇల్లు తమకు కావలెనని కోరిన వేళ ఆ యింటనున్న కోడలి గతి యేమి? 2020 డిసెంబరు 15 నాటి తీర్పున సుప్రీముకోర్టు, వృద్ధులచట్టము పేరుచెప్పి 2005 నాటి గృహహింసచట్టము కోడలి కిచ్చిన నివాసహక్కును త్రోసిపుచ్చరాదని చెప్పినది. నిగమశర్మ భార్యను మన విమర్శకులెవరును పట్టించుకొనలేదు. నేనును ఇంతవఱకు రెండు వాక్యములలో దాటవేసితిని. భర్త పోయిన యింట, అత్తమామల వృద్ధాప్యపు చాకిరి యంతయు ఆ రాత్రి గడచిన మఱునాటినుండి ఆమెది. ఆమెకు ఆ యింట భాగము లేదు, ఆమె నగలును పోయినవి. అక్క అత్తవారింటికి మరలిపోగలదు. ఈమెకు పోవుటకు చోటు లేదు. కవి ఆమెచేత మాటలాడింపలేదు. సభాపతి మౌనమునకు నేను కారణము వెదకితిని. ఈమె మౌనమునకు వెదకుట యువపరిశోధకుల వంతు. అక్కను గూర్చి వెలువడిన వ్యాసములలో పదవవంతైనను ఈ కోడలిని గూర్చి రావలసియున్నది.

1957లో వచ్చిన పాండురంగమాహాత్మ్యము చలనచిత్రము పుండరీకుని కథ నెత్తుకొని, తల్లిదండ్రులను ఇల్లు వెడలగొట్టిన కొడుకు తుదకు వారి పాదసేవలో తరించుటను చూపినది. ప్రేక్షకులు కన్నీరు పెట్టిరి. ఆ కథలో కొడుకు ఇంటికి మరలివచ్చును. నిగమశర్మ మరలిరాడు. విష్ణుదూతలు యమదూతలతో వాదించి అతనిని విడిపించుకొని పోవుదురు. ఆ వాదము క్షేత్రమహిమను గూర్చినది. పీఠికాపురమున అతడు విడిచిన ముసలివారి ప్రసక్తి తీర్పును మార్చునది కాదు. మాహాత్మ్యకావ్యమునకు అది ధర్మమే. అయినను కావ్యమును మూసిన పిదప పాఠకుని మనస్సు వైకుంఠమునకు పోవదు. తెల్లవాఱుజామున తలుపులు తెఱచియున్న ఆ యింటియొద్దనే నిలిచిపోవును. అక్కడ ముసలివా రిద్దఱు, కోడ లొకతె, బోసి ముక్కుతో ఒక కూతురు. బండి కట్టించుకొని ఆమె అత్తవారింటికి ఏనాడు బయలుదేరినదో, ముక్కర యేదని అత్త అడిగినపుడు ఏమి చెప్పినదో, ఆ పద్యము మాత్రము రామకృష్ణకవి వ్రాయలేదు.